‘లేబర్’ అని రాయడానికి సిగ్గెందుకు?

షోలాపూర్ కొంతం చౌక్ దగ్గర ఓ యువజన కూడిక అయ్యాక ఒక తమ్ముడు కాలేజీ ఫారం నింపుతున్నాడు. ‘తండ్రి వృత్తి’ దగ్గర ‘బిజినెస్’ అనీ, ‘తల్లి వృత్తి’ దగ్గర ‘గృహిణి’ అనీ రాశాడు. వాళ్ళ నాన్న మరమగ్గాల కార్ఖానాలో పనిచేస్తాడు. అమ్మ పొద్దస్తమానం బీడీలు చుడుతుంది. “ఎందుకు నాయనా ఇలా రాశావు?” అని అడిగాను. “లేబర్ అని రాస్తే నవ్వుతారు అయ్యగారూ” అన్నాడు.

నేను ఆ పిల్లవాణ్ణి తప్పుపట్టలేదు. “లేబర్ మాటలు”, “లేబర్ బుద్ధి” అంటూ ఆ మాటను తిట్టుగా మార్చింది పెద్దవాళ్ళమే. సంఘంలోనూ ఆ మాటలు విన్నాను.

ఇంతకీ ఆ మాట ఎక్కడిది? లాటిన్‌లో ‘లాబోర్’ అంటే కష్టం, ప్రయాస. బరువు కింద తడబడటాన్ని చెప్పే మాటతో దీనికి చుట్టరికం ఉండవచ్చని భాషావేత్తలు అంటారు. ఫ్రెంచి వాళ్ళు ఇదే మాటను పొలం దున్నడానికి వాడతారు. ఇంగ్లీషులో ఇది ప్రసవవేదనకూ పేరైంది. మన ఆసుపత్రుల్లో ‘లేబర్ రూమ్’ అనే బోర్డు అందుకే. తర్వాత కష్టజీవులందరికీ కలిపి ఇదే పేరు నిలిచింది. బ్రిటన్‌లో 1906లో లేబర్ పార్టీ అని పేరు పెట్టుకున్నవాళ్ళు 1924 నాటికి ప్రభుత్వమే ఏర్పాటు చేశారు. అక్కడ దేశాన్ని ఏలిన పేరును ఇక్కడ మన పిల్లలు ఒక ఫారంలో రాసుకోలేకపోతున్నారు!

బైబిలు ఈ విషయంలో మనకంటే ధైర్యంగా మాట్లాడుతుంది. హెబ్రీలో పనిచేయడానికీ, సేవించడానికీ, దేవుని ఆరాధించడానికీ మూలం ఒకే మాట. ఆదాము తోటను సేద్యపరచిందీ, ఇశ్రాయేలీయులు ఐగుప్తులో వెట్టి చేసిందీ, విడుదలై దేవుణ్ణి సేవించిందీ ఆ మాటతోనే చెప్పారు. ప్రయాసపడేవారిని యేసు తన దగ్గరకు పిలిచినప్పుడు మత్తయి వాడిన గ్రీకు మాటనే పౌలు తన సువార్త పనికి వాడుకున్నాడు. ఆ పౌలు డేరాలు కుట్టి బతికాడు. యేసును ఊరివాళ్ళు వడ్రంగి అనే గుర్తుపట్టారు. రోమా పత్రిక 8వ అధ్యాయంలో సృష్టి అంతా ప్రసవవేదన పడుతోంది. అంటే ఆ నొప్పి చివర ఒక పుట్టుక ఉంది.

ఇప్పుడు ఆ తల్లి సంగతికి వద్దాం. ఒడిలో చాట పెట్టుకుని, ఆకు కత్తిరించి, తంబాకు నింపి, దారం చుట్టి వెయ్యి బీడీల లెక్కన కూలి తీసుకునే ఆమె ‘గృహిణి’ మాత్రమేనా? 1966 నాటి బీడీ కార్మికుల చట్టం ఇంట్లో కూర్చుని చుట్టే మనిషిని కూడా ఉద్యోగిగానే గుర్తించింది. చట్టం చూసినదాన్ని కొడుకు కలం దాచేసింది. ఇదే షోలాపూర్‌లో మన తెలుగువాడైన నర్సయ్య ఆడం వెంట నిలిచిన బీడీ కార్మిక స్త్రీలు కుంభారిలో పదివేల ఇళ్ళ కాలనీ సాధించుకున్నారు. కార్మికులమని చెప్పుకోవడానికి సిగ్గుపడి ఉంటే ఆ ఇళ్ళు వచ్చేవా?

ఒక మాట నిజాయితీగా ఒప్పుకోవాలి. బీడీ ప్రాణాలు తీస్తుంది. పొగాకు దుమ్ము చుట్టేవాళ్ళ ఊపిరితిత్తులనూ వదలదు. పొగ తాగడం పాపమని మనం గట్టిగానే ప్రసంగిస్తాం. కానీ చుట్టే చేతులకు మరో పని చూపించామా? నాసిరకమని పక్కకు నెట్టిన బీడీలకు కూలి రాని రోజున ఆమె పక్కన నిలబడ్డామా? ఆమె ఇచ్చే దశమభాగం మాత్రం కాదనకుండా పుచ్చుకుంటున్నాం. పనివారికి ఇవ్వకుండా బిగబట్టిన కూలి మొరపెడుతోందని యాకోబు పత్రిక 5వ అధ్యాయం చెబుతోంది. ఆ మొర దేవుని చెవిని చేరిందట. మన చెవిని చేరిందా?

పాస్టర్లారా, సంఘం రిజిస్టరులో ప్రతి స్త్రీ పేరు ఎదుట ఆమె చేసే పని రాయండి. ఆమెకు కార్మికురాలి గుర్తింపు కార్డు, పీఎఫ్ ఉన్నాయో లేవో అడగండి. తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఈసారి ఫారం వచ్చినప్పుడు అమ్మ పని ఉన్నదున్నట్టు రాయండి. మీ ఫీజు కట్టింది ఆ పనే.