మేటి బృందం ఏది?

రెండు గొప్ప వస్తువులు ఎదుట నిలిస్తే వాటిలో ఏది మిన్న అని ప్రశ్నించడం మానవ స్వభావం. నన్నయ గొప్పవాడా, తిక్కన గొప్పవాడా అన్న చర్చ తెలుగునాట పండితగోష్ఠులలో తరతరాలుగా సాగుతూనే ఉంది. శ్రీనాథుని పక్షం వహించేవారు, పోతన పక్షం వహించేవారు నేటికీ ఉన్నారు. పాశ్చాత్య సంగీత ప్రపంచంలోనూ ఇటువంటి వివాదం ఒకటి ఉంది. అన్ని కాలాలలోనూ మేటి అనదగిన సంగీత బృందం ఏది? బీటిల్స్ అని కొందరు, రోలింగ్ స్టోన్స్ అని కొందరు, క్వీన్ అనీ పింక్ ఫ్లాయిడ్ అనీ మరికొందరు ఏళ్ళ తరబడి వాదించుకొంటున్నారు. మిత్రులు గొంతు చించుకొని వాదించినా ఈ తగవు తేలదు. ఎవరు ఏ కొలతతో కొలుస్తున్నారో ముందుగా చెప్పుకోకపోవడమే అందుకు కారణం. ధాన్యాన్ని కుంచంతో కొలుస్తారు, బంగారాన్ని త్రాసులో తూస్తారు. ఒకరు కుంచం, మరొకరు త్రాసు పట్టుకొని కూర్చుంటే బేరం ఎన్నటికి తెగుతుంది?

అమ్మకాలే కొలమానమని కొందరి మతం. ఆ లెక్కన ఈగల్స్ బృందాన్ని కాదనడం కష్టం. 1976లో వెలువడిన వారి పాటల సంకలనం అమెరికాలో 3 కోట్ల 80 లక్షల ప్రతుల స్థాయిని అందుకొన్నట్లు 2018లో ధ్రువీకరణ పొందింది. పింక్ ఫ్లాయిడ్ వారి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ 1973, 1988 సంవత్సరాల మధ్య మొత్తం 741 వారాలు అమెరికా ఆల్బంల పట్టికలో నిలిచింది. చిరకాలం నిలవడమే గొప్పతనమంటే రోలింగ్ స్టోన్స్‌కు సాటి వచ్చేవారు అరుదు. 1962లో లండన్‌లో పుట్టిన ఆ బృందం 2023లో కూడా కొత్త పాటల ఆల్బంను వెలువరించింది. బీటిల్స్ 1970 నాటికే విడిపోయారు.

వేదికను గెలవడమే ప్రమాణమంటే క్వీన్ ముందుకు వస్తుంది. 1985 జులై 13న లండన్ వెంబ్లీ మైదానంలో జరిగిన ‘లైవ్ ఎయిడ్’ సభలో ఆ బృందం పాడినది సుమారు ఇరవై నిమిషాలే అయినా, ఆనాటి సభ అనగానే లోకానికి వారే గుర్తుకువస్తారు. వారి గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ జాంజిబార్‌లో పార్సీ కుటుంబంలో పుట్టి, మహారాష్ట్రలోని పంచగనిలో చదువుకొన్నవాడు. అసలు పేరు ఫరోఖ్ బుల్సారా. బీటిల్స్ మాత్రం 1966 ఆగస్టులోనే కచేరీ యాత్రలు మానుకొన్నారు. అభిమానుల కేకల నడుమ తమ వాద్యం తమకే వినిపించని స్థితి వారిది.

కొలత మారినప్పుడల్లా విజేత మారుతున్నాడు. దీనిని చూసి, జిహ్వకో రుచి గనుక అసలు చర్చే అనవసరమనేవారు ఉన్నారు. ఈ మాట వినడానికి ఉదారంగా ఉంటుంది గాని, ఆలోచించే శ్రమను తప్పించుకొనే మార్గం కూడా ఇదే. ఇష్టానికి కారణం అక్కరలేదు. గొప్పదనే తీర్పుకు మాత్రం కారణం చెప్పవలసి ఉంటుంది. కారణం చెప్పిననాడే ఎదుటివాడు దానిని పరీక్షించగలడు.

బృందాన్ని కొలవవలసిన ప్రమాణం బృందం అనే మాటలోనే ఉంది. పలువురు కలిసి ఒక్కటి కావడం దాని స్వభావం. ఒకరు పాడుతుంటే మిగిలినవారు వెనుక నిలిచి వాయించే మేళాలు లోకంలో ఎన్నో ఉన్నాయి. విడివిడిగా ఏ ఒక్కరికీ సాధ్యంకానిదాన్ని కలిసి సాధించినప్పుడే బృందం సార్థకమవుతుంది. ఈ ప్రమాణంతో చూస్తే అగ్రస్థానం బీటిల్స్‌దే అనడం సమంజసం.

లివర్‌పూల్ నగరపు యువకులు నలుగురు, జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్, 1962లో ఒక్కటై తొలి పాటను విడుదల చేశారు. లెనన్, మెకార్ట్నీలు బృందం కోసం ఎవరు పాట కట్టినా ఇద్దరి పేర్లూ వేసుకోవాలని నియమం పెట్టుకొన్నారు. 1967 నాటి ‘ఎ డే ఇన్ ది లైఫ్’ పాటలో మొదలు, చివర లెనన్ కట్టినవి. నడుమ భాగం మెకార్ట్నీది. రెండు అసంపూర్ణ రచనల నడుమ 40 మంది వాద్యకారుల ధ్వనితో నిర్మాత జార్జ్ మార్టిన్ సహకారంతో వంతెన వేశారు. వేరుచేసి చూస్తే అవి రెండు ముక్కలు. కలిసి వింటే ఒక మహారచన. హారిసన్ 1965లో ‘నార్వీజియన్ వుడ్’ పాటలో సితార్ పలికించి, మరుసటి సంవత్సరం పండిత రవిశంకర్ వద్ద శిష్యరికం చేశాడు. తొలి పాటకు, ‘సార్జెంట్ పెప్పర్స్’ ఆల్బంకు మధ్య గడిచిన కాలం అయిదేళ్ళయినా లేదు. ఇంత తక్కువ కాలంలో ఇంత దూరం నడిచిన బృందం మరొకటి కనిపించదు.

నన్నయ అసంపూర్ణంగా విడిచిన అరణ్యపర్వాన్ని పూర్తిచేసినప్పుడు ఎర్రన తన కీర్తిని పక్కన పెట్టి, నన్నయ రచించినట్లే రచించి రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. కృతి ముందు కర్త తలవంచడమంటే ఇదే. లెనన్ 1980లో హత్యకు గురయ్యాడు. హారిసన్ 2001లో మరణించాడు. లెనన్ క్యాసెట్టుపై పాడిపెట్టుకొన్న ఒక పాటను, 1995లో హారిసన్ వాయించిన గిటారుతో జతచేసి, మిగిలిన ఇద్దరూ 2023లో ‘నౌ అండ్ దెన్’ పేరుతో పూర్తిచేశారు.

దీనికి క్వీన్ అభిమానులు చెప్పదగిన సమాధానం లేకపోలేదు. ఆ బృందంలోని నలుగురూ ప్రజాదరణ పొందిన పాటలు కట్టినవారే గనుక అదే ప్రమాణానికి తామూ నిలుస్తామని వారు అనవచ్చు. అది బలమైన వాదం. అయితే రికార్డింగ్ గదినే ఒక వాద్యంగా మలచుకొనే పద్ధతిని క్వీన్ చేపట్టే నాటికి బీటిల్స్ ఆ బాటను లోకానికి పరిచయం చేసి ఉన్నారు. వేసిన బాటలో వేగంగా నడవడం గొప్పే. లేని బాట వేయడం ఇంకా గొప్ప.

ఇంతకన్న లోతైన ఆక్షేపణ మరొకటి ఉంది. ఈ చర్చలో వినిపించే పేర్లలో పెక్కు ఇంగ్లండువి. వారి సంగీతానికి మూలం మాత్రం అమెరికాలోని నల్లజాతివారి పాట. రోలింగ్ స్టోన్స్ పేరు మడ్డీ వాటర్స్ 1950లో వెలువరించిన పాట నుండి వచ్చినది. ఆయన మిసిసిపీ పత్తిచేలలో కూలిపని చేసి, 1943లో షికాగో చేరిన గాయకుడు. చక్ బెర్రీ, లిటిల్ రిచర్డ్‌ల పాటలు పాడుతూనే బీటిల్స్ చేయి తిప్పుకొన్నారు. డెట్రాయిట్‌లోని మోటౌన్ సంస్థలో ‘ఫంక్ బ్రదర్స్’ అనే వాద్యబృందం ఉండేది. 1960ల దశకంలో ఆ సంస్థ నుండి వెలువడి లోకం నోట నానిన పాటలలో అధికభాగానికి వాద్యం వారిదే. పాటను ప్రేమించినవారికి ఆ బృందం ఉన్నదనే తెలియదు. ఆల్బంల మీద పేర్లు వేయనివారిని పట్టికలలో ఎవరు వెదుకుతారు? 1971లో మార్విన్ గే ‘వాట్స్ గోయింగ్ ఆన్’ ఆల్బంపై వారి పేర్లు ముద్రించడం ఆ సంస్థలో కొత్త సంగతి. పేరున్నవారిలోనుంచి మేటిని ఎన్నుకొని, అందరిలోనుంచి ఎన్నుకొన్నామని తృప్తిపడడం న్యాయం కాదు. మేటి బృందం బీటిల్స్ అనే వాక్యం, వారు ఎవరికి ఋణపడ్డారో చెప్పినప్పుడే పూర్తవుతుంది. ఆ ఋణం వారు ఎరగనిది కాదు. 1964లో ఫ్లోరిడాలోని జాక్సన్‌విల్‌లో, నల్లవారిని వేరుగా కూర్చోబెడితే పాడబోమని వారు ప్రకటించారు.

భారతీయ తర్కశాస్త్రం చర్చను వాదం, జల్పం, వితండం అని మూడు విధాలుగా విభజించింది. సత్యం తెలుసుకోవడానికి చేసేది వాదం. గెలుపు కోసం చేసేది జల్పం. తనకంటూ ఒక పక్షం లేకుండా ఎదుటివాని మాటను ఖండించడమే పనిగా పెట్టుకొన్నది వితండం. బృందాలను గురించిన తగవులలో మొదటిది అరుదు. ఎదుటివాడు మెచ్చిన ఆల్బంను ఒక్కసారైనా వినకుండా తీసిపారేసేవారే ఎక్కువ. అభిమానులు బీటిల్స్, స్టోన్స్ వర్గాలుగా చీలి కలహించుకొన్నా, 1963లోనే లెనన్, మెకార్ట్నీలు ‘ఐ వన్నా బి యువర్ మ్యాన్’ అనే తమ పాటను రోలింగ్ స్టోన్స్‌కు ఇచ్చారు. వారు దానిని పాడి పేరు పొందారు. పోటీదారులలో ఉన్న ఈ సౌహార్దం అభిమానులలో లేకపోవడం విచారకరం.

అందువల్ల ఈ చర్చకు దిగే యువతీయువకులు రెండు నియమాలు పాటించడం మేలు. కొలమానాన్ని ముందు ప్రకటించాలి. ఎదుటివారి బృందాన్ని విన్న తరువాతనే పెదవి విప్పాలి. ఈ రెండూ పాటించినవాడు ఒకవేళ వాదంలో ఓడిపోయినా, ఇంటికి వెళ్ళేటప్పుడు కొత్త పాట ఒకటి వెంట తీసుకువెళతాడు.