రెండేండ్ల అభయము

తల్లి చంకనెక్కి సరిహద్దు దాటిన శిశువు ఏ చట్టమును మీరినట్లు? అమెరికా సంయుక్త రాష్ట్రముల శాసనసభ యెదుట ఈ ప్రశ్న 2001వ సంవత్సరమున బిల్లు రూపమున నిలిచినది. నాటినుండి అధ్యక్షపదవికి పోటీచేసిన ముఖ్యాభ్యర్థు లందరును దీనికేదో యొక సమాధానము చెప్పుచునే వచ్చిరి. సమాధానములు మారినవి. ఒకే మనుష్యుడు రెండు సంవత్సరములలో రెండు విధముల చెప్పుటయు జరిగినది. శాసనము మాత్రము పుట్టలేదు. ఆ శిశువులు పెరిగి, పెండ్లియాడి, తామే తలిదండ్రులైనారు. వారిలో పెద్దవారు నలుబదియేండ్లు దాటినవారు.

వీరి నచ్చట డ్రీమర్లు, అనగా కలలు గనువారు, అని పిలుతురు. డెమోక్రాటు పక్షపు డర్బిన్, రిపబ్లికను పక్షపు హ్యాచ్ అను నిరువురు సెనేటర్లు 2001లో చేయిగలిపి తెచ్చిన బిల్లునుండి ఆ పేరు వచ్చినది. బాల్యమున తేబడి, అచ్చటనే పెరిగి, చదువుకొని, సత్ప్రవర్తన గలవారికి స్థిరనివాసపు హక్కు నొసగుటయే దాని సారము. వీరి బడిచదువునకు అడ్డులేదు. టెక్సాసు రాష్ట్రమువారు పత్రములు లేని పిల్లలకు బడి తలుపు మూయబూనగా, 1982లో అచ్చటి సుప్రీముకోర్టు ఐదుగురు ఔననియు నలుగురు కాదనియు పలుకగా, ఆ తలుపు మూయరాదని తీర్పు చెప్పినది. కనుక బిడ్డ ప్రజాధనముతో పండ్రెండేండ్లు చదువుచున్నది. తోడి పిల్లలతోపాటు ఆ దేశపు జెండాకు వందనము చేయుచున్నది. మోటారు నడుపుటకు లైసెన్సు కోరిననాడో, కళాశాలకు దరఖాస్తు వ్రాసిననాడో, తాను ఆ దేశపు మనిషిని కానని దానికి తెలియవచ్చుచున్నది. విత్తి, నీరు గట్టి, కలుపు దీసి, కోతనాడు తన చేనికి తానే నిప్పు పెట్టుకొను రైతును మేమెచ్చటను చూడలేదు.

ప్రతిపక్షుల వాదమును మేము తేలికగ త్రోసివేయము. తన హద్దులను కాచుకొను అధికారము ప్రతి జాతికిని గలదు. పరపాలనలో ఆ యధికారమును గోల్పోయి యుండిన మనకు దాని విలువ యొకరు చెప్పనక్కరలేదు. తప్పునకు బహుమతి నిచ్చినచో తప్పు పెరుగునను మాటలోను కొంత నిజము కలదు. క్రమముగ దరఖాస్తు పెట్టుకొని యేండ్లకేండ్లు వేచియున్నవారి కడుపుమంటయు అన్యాయమైనది కాదు. ఐనను దండన చేసినవానికి గాని చేయనివానికి గాదు. తండ్రి చేసిన యప్పు కొడుకు తీర్చుట మన యిండ్లలో కలదు. తండ్రి చేసిన నేరమునకు కొడుకును శిక్షించుటను మన గ్రామపు పెద్దలును ఒప్పుకొనరు. మూడేండ్ల ప్రాయమున వచ్చి యిరువదియేండ్లు పెరిగినవానిని నీ దేశమునకు పొమ్మన్నచో, ఆ దేశమున వానిని గుర్తుపట్టి తలుపు తీయువారెవరు?

మరి శాసనమేల పుట్టలేదు? ప్రజలు వలదనిరా యన్నచో, అభిప్రాయసేకరణలలో వారు పలుమారులు వీరి పక్షముననే పలికిరి. 2010వ సంవత్సరము డిసెంబరు మాసమును చూడుడు. ప్రతినిధుల సభ 216 వోట్లతో, 198 మంది కాదనగా, బిల్లు నంగీకరించెను. సెనేటులో చర్చను ముగించి బిల్లును ముందునకు నడుపవలెనన్న 60 వోట్లు కావలెను. 18వ తేదీన వచ్చినవి 55. పక్షము పేరు విన్నంతనే మిత్రుడో శత్రువో నిర్ణయించుకొను చదువరులకు ఇచ్చట నొక సంగతి మనవి చేయుచున్నాము. ఆ దినమున వ్యతిరేకముగ వోటిచ్చిన 41 మందిలో ఐదుగురు డెమోక్రాటులు. తక్కువబడిన వోట్లును ఐదే. బిల్లునకు జన్మమిచ్చిన యిరువురిలో నొకడైన హ్యాచ్ ఆ వోటు వేళకు సభలో లేడు. ముగ్గురు రిపబ్లికనులు తమ పక్షమును కాదని అనుకూలముగ వోటిచ్చిరి. వారి పేరులు నేడెవరికిని గుర్తులేవు.

ఒబామా 2008లో అభ్యర్థిగా నుండి, తొలి యేటనే వలసచట్టపు సంస్కరణ బిల్లు వచ్చునని హామీ యిచ్చెను. ఏడు గడచినది, చట్టము రాలేదు. అతని పాలనలో 2012వ ఆర్థిక సంవత్సరమున దేశమునుండి పంపివేయబడినవారి సంఖ్య నాలుగు లక్షలు దాటినది. 2011 మార్చిలో, ఈ యువకులను పంపివేయుట నొక యుత్తరువుతో ఆపరాదా యని యడుగగా, అది తన చేతిలోని పని కాదనెను. 2012 జూను 15వ తేదీన, ఎన్నికకు ఐదు మాసములుండగా, అతని ప్రభుత్వపు ఉత్తరువుతోనే ఆ పని యైనది. ఏడాదిలో రాజ్యాంగము మారలేదు; ఎన్నిక దగ్గరపడినది. ఐనను దీనిని కేవలము నిందగ మేము వ్రాయుటలేదు. పత్రములు లేని యువకులే తమ పేరులు దాచుకొనక, చెరకును బహిష్కారమునకును వెరవక, సెనేటర్ల కార్యాలయములలోను, అధ్యక్షుని యెన్నికల కార్యాలయములోను బైఠాయించిరి. సత్యాగ్రహమను మాట మనది. ఆనాడు దాని నచ్చట ఆచరించినవారు వీరు. ఉత్తరువు వారు గెలుచుకొన్నదే గాని ఎవరో దయతలచి యిచ్చినది గాదు.

ఇక నా యుత్తరువులో నేమున్నదో చూతము. దానిని డాకా యందురు. పదునారేండ్లు నిండకమున్ను వచ్చి, 2007 జూను 15 మొదలుకొని అచ్చటనే యుండి, 2012లో ఉత్తరువు నాటికి ముప్పదియొక యేండ్లు నిండనివారు దరఖాస్తు చేసుకొనవచ్చును. అంగీకరించినచో రెండేండ్లపాటు పంపివేయరు, పనిచేసికొననిత్తురు. రెండేండ్లు తీరగనే మరల దరఖాస్తు, మరల రుసుము. తొలుత ఆ రుసుము 465 డాలర్లు. పౌరసత్వము మాట లేదు, వోటు లేదు. అభయహస్తము చూపిన దేవుడు రెండేండ్లకొకమారు రుసుమడుగడు. పైగా దరఖాస్తుదారు తన విలాసమును, వేలిముద్రలను, తాను పత్రములు లేక యున్నానను నొప్పుకోలును, తన్ను పంపివేయగల ప్రభుత్వమునకే స్వహస్తములతో అప్పగించవలెను. ఎనిమిది లక్షలకు మించిన యువకులు నమ్మి అప్పగించిరి. 2025 నాటికిని ఐదు లక్షలకు పైబడినవారు ఈ కాగితముతో ఉద్యోగములు చేసికొనుచుండిరి. వారిలో ఉపాధ్యాయులున్నారు, నర్సులున్నారు. 2007 తరువాత వచ్చిన బిడ్డకో, ఈ కాగితమును లేదు. కనుక నేడు ఉన్నత పాఠశాలలలో నున్న పత్రములు లేని పిల్లలలో దాదాపుగ నెవరికిని ఈపాటి నీడయు దక్కదు.

రిపబ్లికను పక్షమువారి కథ వేరొక తీరున నడచినది. టెక్సాసు గవర్నరు పెర్రీ 2001లో ఇట్టి విద్యార్థులకు స్థానికుల రుసుముకే కళాశాలలో చదువు నిప్పించు చట్టముపై సంతకము చేసెను. 2011లో అధ్యక్ష నామినేషనుకై పోటీచేయుచు, దానిని తప్పుపట్టువారికి హృదయము లేదని వాదసభలో పలికెను. తమ్ము హృదయము లేనివారన్నందులకు పక్షమువారు మండిపడిరి. అతడు ఆ మాట తగనిదని వెనుకకు దిగవలసివచ్చెను. అదే పోటీలో నిలిచిన రామ్నీ, డ్రీమర్ల బిల్లు వచ్చినచో త్రోసిపుచ్చెదనని 2011 చివర శపథము చేసి నామినేషను గెలిచెను. 2012 అక్టోబరులో, అప్పటికే యిచ్చిన కాగితములను రద్దుచేయనని గొంతు తగ్గించెను. పెర్రీ చట్టము సంగతి యేమైనది? 2025 జూనులో కేంద్ర ప్రభుత్వము దానిపై వ్యాజ్యము వేసినది, అదే దినమున టెక్సాసు ప్రభుత్వము మీరు చెప్పినది నిజమని తలయూచినది, చట్టము పోయినది. కక్షిదారు లిరువురును ఒకే పక్షమున నిలిచిన వ్యాజ్యమున విద్యార్థులకై వాదించువారెవరు?

ట్రంపు 2016లో అభ్యర్థిగా ఈ యుత్తరువును రద్దుచేసెదననెను. గెలిచినపిదప 2017 ఫిబ్రవరిలో వీరి విషయమున సహృదయముతో నడచుకొందునని పలికెను. ఆ సంవత్సరమే సెప్టెంబరు 5వ తేదీన రద్దు ప్రకటన వెలువడెను. 2018లో, పదునెనిమిది లక్షలమందికి పౌరసత్వపు దారి నిత్తుము, బదులుగ సరిహద్దు గోడకు 2,500 కోట్ల డాలర్లు నిండు, కుటుంబముల వలసను తగ్గింపుడు అని బేరము పెట్టెను. దానికి సెనేటులో వచ్చినవి 39 వోట్లు. ఉభయపక్షములవారును కలసి తెచ్చిన వేరొక ప్రతిపాదనకు 54 వచ్చినవి. మరల 60కి చేరలేదు. వలసల యదుపు నొక బిల్లుగాను, బిడ్డల మాట నొక బిల్లుగాను విడదీసి చర్చించుట కెవరికిని మనసు రాలేదు. తాకట్టు వస్తువును విడిపించినచో బేరమేమి మిగులును? 2020 జూనులో సుప్రీముకోర్టు ఆ రద్దును కొట్టివేసినది గాని, రద్దుచేసిన తీరు సరిగా లేదన్నదే యంతవరకు. ఈ యువకులకు హక్కు కలదని యనలేదు. ఈ భేదమును మన పత్రికలు కొన్ని ఆనాడు గమనింపక విజయోత్సవము వ్రాసినవి.

బైడెను 2020లో చేసిన వాగ్దానము ప్రకారము పదవి స్వీకరించిన దినముననే బిల్లు పంపెను. ప్రతినిధుల సభ 2021 మార్చిలో డ్రీమర్లకై వేరొక బిల్లును 228 వోట్లతో, 197 మంది కాదనగా, అంగీకరించెను. సెనేటులో అది వోటుకే రాలేదు. ఆ జులైలో టెక్సాసునందలి కేంద్ర న్యాయాధిపతి డాకా చట్టవిరుద్ధమని తీర్పుచెప్పి, క్రొత్త దరఖాస్తులకు తలుపు మూసెను. 2024 డిసెంబరులో, రెండవమారు గెలిచిన ట్రంపు, వీరు దేశమున నుండునట్లు డెమోక్రాటులతో కలసి యేర్పాటు చేసెదనని చెప్పెను. ఆ మాట వెంట 2025లో ఏ శాసనమును రాలేదు.

డాకా కాగితము గలవారిలో అధికసంఖ్యాకులు మెక్సికోలో పుట్టినవారు, భారతీయులు కొలదిమందియే గదా, తెలుగు పత్రిక కింత వేదన యేల యని కొందరు చదువరులు తలపవచ్చును. హైదరాబాదునుండియో గుంటూరునుండియో పనిమీద వెళ్లిన యింజనీరు హెచ్-1బి వీసాపై మూడేండ్ల బిడ్డను వెంట తీసికొనిపోవుచున్నాడు. స్థిరనివాసమునకు దరఖాస్తు పెట్టుచున్నాడు. ఏ యొక్క దేశమున పుట్టినవారికిని ఏటి మొత్తములో నూటికి ఏడు వంతులకు మించి యీయరాదను నియమముచేత, భారతీయుల వరుస దశాబ్దములు సాగుచున్నది. తండ్రి వంతు రాకమునుపే బిడ్డకు 21 ఏండ్లు నిండుచున్నవి. నిండిన దినమున ఆ బిడ్డ తండ్రి వీసా నీడనుండి వెలుపల బడును. విద్యార్థి వీసాయో వేరొకటో సంపాదింపవలెను, లేదా తాను చూచి యెరుగని దేశమునకు రావలెను. డాకా వీరికి వర్తింపదు. ఏలయన 2012 జూను 15 నాటికి సక్రమముగ నున్నవారు దానికి అనర్హులు. ఇట్టి బిడ్డలు రెండు లక్షలకు పైగా నున్నారని లెక్క; అందు భారతీయులే యెక్కువ. వీరికై 2021లో ఉభయపక్షముల సభ్యులు, సెనేటులో పాడియా, ర్యాండ్ పాల్, ఒక బిల్లు తెచ్చిరి. అదియు పరుండియే యున్నది.

అచ్చటి మనవారిలో కొందరు, మేము వరుసలో నిలిచినవారము, వారు దొడ్డిదారిని వచ్చినవారు, మమ్ము వారితో కలుపవలదని వాదించుట మా చెవిని బడినది. వారి బాధ మేమెరుగుదుము, చట్టమును పాటించినవానికి దక్కని కాగితము మీరినవాని బిడ్డకు దక్కెనే యను బాధ. కాని ఈ తర్కము క్రొత్తది కాదు. 1923లో భగత్ సింగ్ థిండ్ అను పంజాబీ, ఆ దేశపు సైన్యమున పనిచేసినవాడు, తాను ఉన్నతకులపు ఆర్యుడననియు, తక్కిన ఆసియావాసులవంటివాడను కాననియు పౌరసత్వము కోరెను. సుప్రీముకోర్టు ఒక్క కంఠముతో కాదన్నది. అంతకుమునుపే పౌరులైన భారతీయుల పౌరసత్వమును సైతము పిదప లాగివేసిరి. 1946లో చట్టము మారి తలుపు తెరచినపుడు, ఈ దేశమంతటికిని లభించిన వంతు ఏటికి నూర్గురు. పొరుగువానినుండి వేరుపడి బాగుపడుదమను యత్నమునకు ఫలమది.

మన పత్రికల ధోరణియు నింతకంటె మెచ్చదగినది కాదు. 2024లో ఉపాధ్యక్ష పదవికి నిలిచిన వాన్సు భార్య మన గోదావరి సీమ మూలములు గలదని తెలియగనే, ఆ యూరెక్కడ, ఆ బంధువులెవరు అని పుటలు నింపినవి. చుట్టరికము వెదకుటలో చూపిన శ్రద్ధలో పదియవవంతు, ఆ యభ్యర్థి యీ బిడ్డలనుగూర్చి యేమనుచున్నాడో వెదకుటలో చూపలేదు. అటులనే 2024 జూనులో ట్రంపు, అచ్చటి కళాశాలలో పట్టము పొందిన ప్రతి విదేశ విద్యార్థికిని పట్టముతోపాటే గ్రీను కార్డు నిచ్చెదనన్నపుడు మన పట్టణములలో ఎందరో మురిసిరి. 2025 సెప్టెంబరులో క్రొత్త హెచ్-1బి దరఖాస్తుపై లక్ష డాలర్ల రుసుము విధించు ప్రకటన వెలువడినది.

అచ్చట వోటు గల తెలుగువారు ఇప్పుడు కొద్దిమంది కారు. ప్రతినిధుల సభకు రెండేండ్లకొకమారు, అనగా డాకా కాగితము తీరునంతలో నొకమారు, ఎన్నిక వచ్చుచున్నది. అభ్యర్థులు మనవారి సంఘముల విందులకు వత్తురు, శాలువలు కప్పించుకొందురు, దీపావళి శుభాకాంక్షలు చెప్పుదురు. ఆ విందున వారిని హృదయమునుగూర్చి యడుగవలదు. హృదయము కలదని యందరును చెప్పిరి. డ్రీమర్ల బిల్లును, ఇరువదియొకటి నిండిన మన బిడ్డల బిల్లును, గోడతోను మరి దేనితోను ముడిపెట్టక వోటుకు తెత్తురా యని యడుగవలెను. ఇదివరకే సభలలో నుండినవారైనచో, వారేనాడు ఏ వోటిచ్చిరో, ఏనాడు సభకు రాలేదో సభల దినచర్యలో అచ్చుపడియే యున్నది. ఆ పుటను ముందు చదువుకొని విందునకు పోవలెను.