సగం సైజుకు సబ్బు ఎంత?

వడ్రంగులు చెక్కలు అతికించడానికి వాడే తెల్లని జిగురు మీరు చూసే ఉంటారు. డబ్బాలో పాలలా ఉంటుంది. ఆరితే తెలుపు మాయమవుతుంది. నీళ్ళలో తేలాడే పాలిమర్ రేణువులు కాంతిని చెదరగొట్టడం వల్లనే ఆ తెలుపు. అవి తరచు మిల్లీమీటరులో వెయ్యోవంతు కంటె చిన్నవి. అంత చిన్నవాటి సైజును తయారుచేసేవాడు ముందే ఎలా నిర్ణయిస్తాడు?

లెక్కతో! స్టైరీన్ సంగతే తీసుకోండి. ఈ ద్రవాన్ని సబ్బునీళ్ళలో కలిపి, చర్యను మొదలుపెట్టే ప్రారంభకాన్ని వేస్తారు. నీళ్ళలో సబ్బు అణువులు గుంపులు కడతాయి. ఒక గుంపులోకి చురుకైన రాడికల్ దూరితే అక్కడ ఒక రేణువు పుడుతుంది. అది పెరిగే కొద్దీ పక్క గుంపుల సబ్బును లాగి తన ఒంటికి కప్పుకుంటుంది. గుంపులు అయిపోతే కొత్త రేణువుల పుట్టుక ఆగినట్టే. స్మిత్, యూవర్ట్ అనే శాస్త్రజ్ఞులు 1948లో ఈ పోటీని సమీకరణంగా రాశారు. రేణువుల సంఖ్య సబ్బు గాఢతకు 0.6 ఘాతంగా, ప్రారంభకం గాఢతకు 0.4 ఘాతంగా పెరుగుతుందని తేల్చారు.

ఇప్పుడు పెన్సిలు తీయండి. స్టైరీన్ మొత్తం మార్చకుండా రేణువు వ్యాసం సగం కావాలి. ఘనపరిమాణం ఎనిమిదోవంతవుతుంది కనుక రేణువులు 8 రెట్లు కావాలి. సంఖ్య 0.6 ఘాతంగా పెరిగితే, సబ్బు 8కి 5/3 ఘాతం కావాలి. 8 ఘనమూలం 2. దాని అయిదో ఘాతం 32. అంటే 32 రెట్ల సబ్బు! రెట్టింపు చేస్తే చాలనుకున్నవాడికి వ్యాసం 13 శాతమే తగ్గుతుంది. ఘాతాంకాలు పరీక్షకు తప్ప ఎందుకూ పనికిరావనే మీ స్నేహితుడికి ఈ లెక్క ఇచ్చి చూడండి.

అయితే నా ఫిర్యాదు స్నేహితుడి మీద కాదు, సూత్రాన్ని ఒంటరిగా నేర్పే మన పద్ధతి మీద. సూత్రం రాసేటప్పుడు ఏవేవి వదిలేశారో కూడా విద్యార్థికి చెప్పి తీరాలి. స్టైరీన్ లీటరు నీటిలో అరగ్రాము కూడా కరగదు. మన జిగురులోని పాలిమర్‌కు మూలమైన వినైల్ ఎసిటేట్ అయితే 20 గ్రాములకు పైగా కరుగుతుంది. అందుచేత దాని రేణువులు సబ్బు గుంపుల్లోనే కాక నీళ్ళలోనూ పుడతాయి. అక్కడ 0.6 పనిచేయదు. సూత్రం తప్పని కాదు, నీళ్ళలో పుట్టేవాటిని అందులో లెక్కపెట్టలేదు. ఈ హద్దు తెలియని కుర్రవాడు రేపు కర్మాగారంలో సమీకరణాన్ని నమ్మి పీపాల కొద్దీ సరుకు పాడుచేయవచ్చు. లేదా ఒక్కసారి తప్పినందుకు లెక్కలనే వదిలేయవచ్చు. రెండోది నాకు ఇంకా పెద్ద నష్టమనిపిస్తుంది.

ఆ సమీకరణంలో భూమ్యాకర్షణ కూడా లేదు. చిన్న రేణువులకు దాని అవసరం లేదు. కాని చిన్న పూసలనే విత్తనాలుగా తీసుకుని కొన్ని మైక్రాన్లకు మించి పెంచబోతే అది అడ్డువస్తుంది. స్టైరీన్ పీల్చుకున్న పూస మొదట నీటికంటె తేలిక, గట్టిపడ్డాక బరువు. కనుక ముందు పైకి తేలతాయి, తరవాత అడుగుకు దిగుతాయి. గట్టిగా కలియబెడితే ముద్దకడతాయి. అందుకే 1982 మార్చిలో కొలంబియా నౌకలో ఈ చర్యను రోదసిలో జరిపి చూశారు. తరవాతి యాత్రలో తయారైన 10 మైక్రాన్ల పూసలను 1985లో అమెరికా జాతీయ ప్రమాణాల సంస్థ సూక్ష్మ కొలతలకు ప్రమాణంగా అమ్మకానికి పెట్టింది.