పులుపు మనది, లైసెన్సు ఎవరిది?

ఆదోని స్టేషన్లో రైలెక్కి, ఎమ్మిగనూరు బస్టాండులో బస్సెక్కి పెద్ద ఊర్లకు వలస పోయిన తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! హోటళ్లలో ప్లేట్లు మోసేవాళ్లు, ఇంటింటికీ పార్శిళ్లు తీసుకుపోయేవాళ్లు మీలో చాలామంది ఉన్నారు. బెంగళూరు, హైదరాబాదు హోటళ్లలో 'ఫెర్మెంటెడ్' అనే మాట ఇప్పుడు ఫ్యాషన్ అయిన సంగతి మాకంటే మీకే ముందు తెలుసు. పులియబెట్టిన కూరగాయలు, పులిసిన పిండి రొట్టె, పులియబెట్టిన టీ, చిరుధాన్యాల గంజి. పక్కనే బార్. కొన్నిచోట్ల ఇప్పపూల మద్యం కూడా అందమైన గ్లాసులో వస్తుంది.

తినేవాళ్లు తిననీ, తాగేవాళ్లు తాగనీ. వాళ్ల మీద మనకు కోపం లేదు. మన ప్రశ్న వేరే. అదే పులుపు మన గుడిసెలో ఉంటే పేదరికం అన్నారు. మన తండాలో ఉంటే నేరం అన్నారు. బల్ల మీద మెనూ కార్డులోకి ఎక్కంగానే వారసత్వం ఎట్లయింది?

ముందు పులుపు గురించే మాట్లాడుకుందాం. రాత్రి రాగిపిండో జొన్నపిండో నీళ్లలో కలిపి మూతపెట్టి ఉంచుతారు. పొద్దునకు అది పులుస్తుంది. దాన్ని కాచి, ఉప్పేసి, మజ్జిగ పోసి, ఎర్రగడ్డ కొరుక్కుంటా తాగితే అది అంబలి. పత్తిచేనికి, మిరపచేనికి పోయేవాళ్లను మధ్యాహ్నం దాకా నిలబెట్టింది ఆ చెంబే. పిండిలో పుట్టిన సూక్ష్మజీవులు ఆమ్లాన్ని తయారుచేస్తాయి. గింజలోని ఇనుమును ఒంటికి పట్టకుండా అడ్డుకునే పదార్థం పులిసినప్పుడు తగ్గుతుంది. ఇది ఇప్పుడు పోషకాహార నిపుణులు చెప్పే మాట. మన అవ్వలు ఏ కాలేజీకీ పోకుండానే చేసిన పని. స్కూల్లో 'అంబలి తాగొచ్చినాడు' అని ఎవరైనా నవ్వితే తలవంచుకున్న పిల్లలు, ఇప్పుడు అదే అంబలికి బిల్లు కట్టే జనాన్ని చూస్తున్నారు.

ఇంక ఈతచెట్టు సంగతి. ఆ చెట్టు ఆకుతో, బద్దలతో గంపలు, చాపలు అల్లి ఎరుకల కుటుంబాలు తరతరాలు బతికినాయి. అదే చెట్టు నుంచి కల్లు గీసి ఈడిగోళ్లు బతికినారు. పొద్దున తీయగా ఉండే నీరు, ఎండ ఎక్కేకొద్దీ పులుస్తుంది, మరునాటికి ఘాటెక్కుతుంది. గాలిలోని, కుండలోని ఈస్టు చేసే పని అది. కల్లు పులిసేది. సారా కాచేది. ఈ రెండింటి మధ్య తేడాను గట్టిగా గుర్తుపెట్టుకోండి, మన వాదనంతా దాని మీదే నిలబడుతుంది.

ఈ పులుపు మీద సర్కారు కన్ను పడింది నిన్నా మొన్నా కాదు. బ్రిటిషోళ్లు 'ఆబ్కారీ' పేరుతో కల్లుకూ సారాకూ పన్ను కట్టి, వేలంపాటలో కంట్రాక్టర్లకు అప్పజెప్పినారు. గోదావరి ఏజెన్సీలో రంప కొండల్లో, ఇంటి అవసరానికి కల్లు గీసుకోవడం కూడా తప్పే అన్నారు. దాని మీద మున్సబుదారు వసూలు చేసే 'చిగురు పన్ను' వేరే. ఆ మంటే 1879లో రంప తిరుగుబాటుగా లేచింది. కారం తమ్మన్నదొర వంటి వాళ్లు ముందు నిలబడినారు. ఆ తిరుగుబాటుకు అడవి మీద ఆంక్షలు, పోలీసుల దౌర్జన్యం, అప్పులోళ్ల మోసం కూడా కారణాలే. కానీ నిప్పు అంటుకున్నది చెట్టు దగ్గర, కుండ దగ్గర. అల్లూరి సీతారామరాజు కంటే నలభై ఏళ్లకు పైగా ముందు మాట ఇది. మన పాఠాల్లో ఎంతమందికి చెప్పినారు?

ఆ కాలంలోనే ఇంకో చట్టం వచ్చింది. 1871 నాటి నేరస్థ తెగల చట్టం. తర్వాత మద్రాసు రాష్ట్రంలో ఎరుకలను కూడా ఆ జాబితాలోకి ఎక్కించినారు. పుట్టడమే నేరం అన్నమాట. 1952లో ఆ చట్టం రద్దయింది. ఆ చూపు మాత్రం రద్దు కాలేదు. సారా కేసు అంటే ముందు తండా వైపు, కాలనీ వైపు తిరిగే జీపు ఆ చూపుకు కొనసాగింపే.

ఇప్పటి చట్టం ఏమంటుంది? 1968 ఎక్సైజ్ చట్టం కింద లైసెన్సు లేకుండా కాచినా, దగ్గర పెట్టుకున్నా నేరం. బెల్లం ఊట దొరికితే పారబోసి కేసు రాస్తారు, తహసీల్దారు దగ్గర బైండోవర్ చేస్తారు. మళ్లీ మళ్లీ దొరికితే 1986 నాటి పీడీ చట్టం ఉంది. ఆ చట్టం పూర్తి పేరు చదవండి. బందిపోట్ల కంటే ముందు, గూండాల కంటే ముందు, భూకబ్జాదారుల కంటే ముందు అందులో ఉండే మాట 'బూట్లెగర్లు'.

ఇక్కడ మనల్ని మనం మోసం చేసుకోవద్దు. తండాల్లో కాచే బెల్లం సారాను 'మన సంస్కృతి' అని భుజాన ఎత్తుకోవడానికి మేము ఈ వ్యాసం రాయడంలేదు. బెల్లం ఊటలో నవసారం కలిపి కాచేది పూర్వీకుల విద్య కాదు, ఆకలి నేర్పిన వ్యాపారం. అది తాగి చచ్చినవాళ్లు మనోళ్లే, ముండమోసింది మన అక్కలే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోసమ్మ, తోటి ఆడోళ్లు సారా కొట్టుకు ఎదురుతిరిగితేనే 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా ఆగింది. 1995లో ఎన్టీఆర్ సంపూర్ణ మద్యనిషేధం తెచ్చినారు. రెండేళ్లకు, 1997లో, అది సడలింది. ఆడోళ్ల కన్నీళ్ల కంటే ఖజానా గట్టిదని అప్పుడే తేలిపోయింది. మనకు ఇంకో సాక్ష్యం కూడా ఉంది. సుగాలీలు కొలిచే సేవాలాల్ మహరాజ్ మత్తు వద్దని చెప్పినాడు. ఆయన జన్మస్థలంగా భక్తులు కొలిచే సేవాగఢ్ మనకు ఎంతో దూరం లేదు, గుత్తి దగ్గరే ఉంది.

అయితే ఒక సంగతి చూడండి. తండాలో ఊట పారబోసినంత మాత్రాన తాగుడు ఆగిందా? తుంగభద్ర దాటితే కర్ణాటక. అక్కడి మద్యం ప్యాకెట్లు కోసిగి, మంత్రాలయం వైపు నుంచి ఎట్లా దిగుతాయో ఈ పక్క ఊర్లకు తెలుసు. లైసెన్సు ఉన్న దుకాణం ఊర్లోనే ఉంటుంది. 2024 అక్టోబరులో వచ్చిన కొత్త విధానంలో రాష్ట్రమంతా 3,396 ప్రైవేటు దుకాణాలు. అంటే తాగడం నేరం కాదు, అమ్మడం నేరం కాదు. సర్కారుకు వాటా రాకుండా అమ్మడం నేరం. సారా మానిన కుటుంబాలకు బతుకుదెరువు చూపిస్తామని 'నవోదయం' అన్నారు, 2025లో 'నవోదయం 2.0' అన్నారు. మంచిదే. మీ తండాలో ఎవరికి అప్పు వచ్చింది, ఎవరికి గొర్రెలు వచ్చినాయి, ఎవరికి ఉత్త కేసు మాత్రమే మిగిలింది? ఈ లెక్క అడిగే హక్కు మీకు ఉంది.

బయట ఏం జరుగుతుందో కూడా చూద్దాం. అస్సాంలోని డిమాసా ఆదివాసులు బంక బియ్యంతో పులియబెట్టే పానీయం 'జుడిమా'. 2021లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ పేరు ఇప్పుడు ఆ జాతి పేరుతో ముడిపడింది. గోవా ఫెనికి 2009లోనే ఆ గుర్తింపు వచ్చింది. 2021 నవంబరులో మధ్యప్రదేశ్ ప్రభుత్వం ఇప్ప సారాను 'వారసత్వ మద్యం'గా అమ్మనిస్తామని, ఆదివాసీ సంఘాలే తయారుచేస్తాయని ప్రకటించింది. అదే ఇప్పపూలు నల్లమల చెంచులు ఏరితే? పువ్వు ధర వ్యాపారి చెప్తాడు, సీసా ధర కంపెనీ చెప్తుంది. చెంచు చెప్పే ధర యాడా లేదు.

చట్టంలో దారి లేదా అంటే ఉంది, కానీ మన దాకా రాలేదు. ఆదివాసీ ప్రాంతాల్లో మద్యం దుకాణాలు ఆపాలని, ఇంటి అవసరానికి, పండగకూ పబ్బానికీ సంప్రదాయ పానీయం చేసుకోనివ్వాలని కేంద్రం 1970లలోనే రాష్ట్రాలకు చెప్పింది. 1996 నాటి పెసా చట్టం మత్తు పదార్థాలను నిషేధించాలా, నియంత్రించాలా అన్న అధికారాన్ని గ్రామసభకు, పంచాయతీకి ఇచ్చింది. కానీ పెసా ఐదో షెడ్యూలు ప్రాంతాలకే వర్తిస్తుంది. రాయలసీమలో ఒక్క ఊరు కూడా ఐదో షెడ్యూల్లో లేదు. ఆదోని పక్క సుగాలీ అక్కకు, ఎమ్మిగనూరు పక్క ఎరుకల అన్నకు ఎస్టీ సర్టిఫికెట్ ఉంది, గ్రామసభ అధికారం లేదు. తండా పక్కన దుకాణం వద్దు అని ఆడోళ్లు తీర్మానం చేస్తే, అది అర్జీ అవుతుంది గానీ ఆజ్ఞ కాదు. మనం కొట్లాడాల్సింది ఈ లోటు మీద.

కాబట్టి మీరు చేయగలిగిన పనులు కొన్ని చెప్తాం. మీ అవ్వ అంబలి ఎట్ల పులియబెడుతుందో, ఏ కుండలో, ఎంతసేపు, ఏ కాలంలో ఎట్ల, అన్నీ మీ ఫోనులో ఆమె గొంతుతోనే రికార్డు చేయండి. రేపు ఎవరైనా అది నా వంటకం అని రాసుకుంటే ఎదురు చూపించడానికి మీ దగ్గర రుజువు ఉంటుంది. మీ తండాలో మద్యం సంగతి ఆడోళ్లు కూర్చుని మాట్లాడే సభ ఒకటి పెట్టండి, మగోళ్లు వింటే చాలు. సారా కేసుల్లో ఇరుక్కున్నవాళ్లను న్యాయసేవాధికార సంస్థ దగ్గరికి తీసుకుపోండి. ఎస్టీలకు అక్కడ వకీలు ఉచితం, మన జనానికి ఆ సంగతే తెలీదు. పెద్ద హోటల్లో పనిచేసే తమ్ముడూ, ఆ రాగి గంజి, ఆ ఇప్పపూలు ఏ ఊరి నుంచి వచ్చినాయని మీ మేనేజరును ఒకసారి మర్యాదగా అడుగు. జవాబు రాకపోయినా, అడిగిన మాట మిగులుతుంది.

హోటల్లో పులుపు ఉండకూడదని మేము అనడంలేదు. ఆదోనిలోనే అట్లాంటి హోటలు రానీ. ఉగ్గాని బజ్జీ పక్కన జొన్న అంబలి రానీ. దాన్ని మన అక్కలు నడపాలి, గల్లా పెట్టె దగ్గర మన చెల్లెలు కూర్చోవాలి, గంపలు మన అన్న అల్లినవి కావాలి. ఆ రోజు వచ్చేదాకా మెనూ కార్డు చూసి మురిసిపోవద్దు, దాని వెనకాల ఎవరి పేరుంది అని చదవండి.

పులియబెట్టే విద్య మనదైనప్పుడు, దాని మీద మాట కూడా మనదే కావాలి.