మద్దెల నిజంగానే ఓడైతే?

‘ఆడలేక మద్దెల ఓడు’ అన్న సామెత ఎవరు పుట్టించారో గాని, ఆ మహానుభావుడు ఆడినవాడూ కాడు, వాయించినవాడూ కాడు. మద్దెల కొనిపెట్టాల్సిన వాడై ఉంటాడు. లేకపోతే అంత వాటమైన సామెత ఎలా తడుతుంది చెప్పండి! పనిముట్టు బాగాలేదని ఎవరైనా నోరు విప్పారా, ఈ మూడు మాటలు విసిరితే చాలు. వాళ్ల నోరు మూతపడుతుంది, మనం పర్సు తెరవక్కర్లేదు.

నాకింత ఉక్రోషం ఎందుకొచ్చిందో చెబితే నవ్వుతారు. ఒక పటకారు గురించి. పొయ్యిమీది గిన్నె దించే పటకారు కాదు లెండి, కటింగ్ ప్లేయర్ జాతికి చెందినది.

మా రెండో అమ్మాయి ఇంజనీరింగ్ చదువుతోంది. దానికి బొమ్మ విమానాల పిచ్చి. బొమ్మ అంటే ఒప్పుకోదు. బాల్సా అనీ, బెండులా తేలిగ్గా ఉండే కర్రతో తనే కడుతుంది. రెక్కలు చాపితే మా డైనింగు టేబులంత. నేలమీద నిలబడి రిమోటుతో ఎగరేస్తుంది. విమానం పొట్టలో అగ్గిపెట్టెంత మోటారు పెట్టె ఒకటుంటుంది, సర్వో అంటారు. దానికి చిన్న ప్లాస్టిక్ చెయ్యి, ఆ చేతికి సన్నటి కన్నాలు. అక్కణ్ణించి తోకదాకా ఒక ఉక్కు తీగ. ఇక్కడ రిమోటు మీద పుల్ల కదిపితే అక్కడ ఆ చెయ్యి ఊగుతుంది, తీగను నెడుతుంది, తోకపలక వాలుతుంది, విమానం ముక్కు ఎత్తడమో దించడమో చేస్తుంది. అంత విమానం ప్రాణమూ ఆ తీగ చివర ఉందన్నమాట.

ఆ చివర ఊడకుండా ఉండాలంటే తీగను ఇంగ్లీషు జెడ్ అక్షరంలా వంచాలి. ముందొక మూల, రెండు మూడు మిల్లీమీటర్లు వదిలి దానికెదురుగా ఇంకో మూల. అలా వంచి కన్నంలో దూర్చి తిప్పితే చాలు, మేకూ అక్కర్లేదు, మరా అక్కర్లేదు. వినడానికి ఇంతే. కాని ఆ తీగ మన బట్టలారేసుకునే తీగ కాదు. పియానోకు కట్టే రకం. మన వీణకు కట్టే ఉక్కు తీగకి దగ్గర చుట్టం. వంచి వదిలితే మళ్లీ కాస్త లేస్తుంది, కుక్క తోకలాగా. తొంభై డిగ్రీలు కావాలంటే తొంభై దాటించి వంచాలి. పోనీ ఎర్రగా కాల్చి వంచుదామా అంటే పదును దిగిపోయి మెత్తబడుతుంది. మొక్కై వంగనిది మానై వంగుతుందా అంటారే, ఈ తీగ పుట్టుకతోనే మాను.

దీనికోసమే ఒక ప్లేయర్ దొరుకుతుంది. దవడలు మెట్లు మెట్లుగా ఉంటాయి, పళ్లుండవు. తీగ మధ్యలో పెట్టి ఒక్క నొక్కు నొక్కితే రెండు మూలలూ ఒకేసారి వస్తాయి. అదొకటి కొనిపెట్టమని పిల్ల అడిగింది. పెద్ద ఖరీదేం కాదు, మావారు స్కూటరు సీటుకి కవరు వేయించుకున్నంత.

“ఒక్క వంపు కోసం ఒక ప్లేయరా? ఇంకెందుకూ పనికిరాదుటగా!” అన్నారు మావారు. ఆ పూట మా బావగారు ఇంట్లోనే ఉన్నారు. ఫ్యాక్టరీలో ముప్ఫై ఏళ్లు చేసిన మనిషి. “చేతిలో పనుంటే ఏ ప్లేయరైతేనేమే తల్లీ? మీ నాన్న కటింగ్ ప్లేయర్ ఇలా తే” అన్నారు. పట్టారు, వంచారు. తీగ జారింది, గట్టిగా అదిమారు. ప్లేయర్ పళ్లు తీగలో దిగాయి. మూల కాస్తా గుండ్రంగా వచ్చి కన్నంలో పట్టలేదు. పట్టకపోతే కన్నం పెద్దది చేశారు. తీగ అందులో లొడలొడమంటూ ఊగింది. “ఆ మాత్రం ఉండాలి, ఫర్వాలేదు” అన్నారు. మిగిలిన తీగ తెంచబోతే మావారి ప్లేయర్ అంచుకే నొక్కు పడింది, తెగిన ముక్క తూటాలా ఎగిరి గోడ గడియారానికి తగిలింది. నయం, ఎవరి కంట్లోనూ పడలేదు. పిల్ల అప్పటికీ అంది, “పెదనాన్నా, గాటు పడిందండీ, అక్కడే విరుగుతుంది” అని. ఎవరు విన్నారు?

మూడు వారాలు ఎగిరింది. నాలుగో ఆదివారం నేనూ వెళ్లాను చూద్దామని. పైకి లేచింది, ఒక చుట్టు తిరిగింది, దిగడానికి ముక్కు వంచింది. అంతే, మళ్లీ ఎత్తలేదు. పిల్ల పుల్ల లాగుతూనే ఉంది. తిన్నగా వచ్చి నేలకి గుద్దుకుంది. క్రికెట్ ఆడుకుంటున్న కుర్రాళ్లకి ఇరవై అడుగుల దూరం, అంతే. ఆ ఇరవై అడుగులు తలుచుకుంటే ఇప్పటికీ నా చేతులు చల్లబడతాయి.

ముక్కలు ఏరుకుని ఇంటికి తెచ్చాం. తీగ సరిగ్గా మూల దగ్గరే విరిగింది. విరిగినచోట ప్లేయర్ పన్ను గాటు నా కళ్లకి కూడా కనిపించింది, చత్వారపు అద్దాలు లేకుండానే. పిల్ల అది తీసుకెళ్లి చూపిస్తే బావగారు ఏమన్నారనుకున్నారు?

“ఆడలేక మద్దెల ఓడందిట!”

పనిమంతుడు పందిరి వేస్తే కుక్క తోక తగిలి కూలిపోయిందన్న సామెత నా నాలిక చివరిదాకా వచ్చింది. బావగారు కదా, మింగేశాను. అది అరక్క ఇదిగో, మీ దగ్గర చెబుతున్నాను.

ఆయన పక్షాన కూడా చెప్పాల్సింది చెబుతాను. చెయ్యి తిరిగినవాళ్లు సన్నమూతి ప్లేయర్లు రెండు పట్టుకుని ఇదే వంపు ముచ్చటగా తీస్తారు, ఫోనులో చూశాను. ఆ జెడ్ ప్లేయరూ సర్వరోగనివారిణి ఏం కాదు. ఒకటిన్నర మిల్లీమీటర్ల తీగదాకా సరే, ఇంకా లావుది పెడితే దాని దవడలే చెడతాయట. లావు తీగలకి బల్లకి బిగించుకునే పరికరం వేరే ఉందిట. పైగా వంపు ఒకసారి పడ్డాక పొడవు తప్పిందంటే తీగ దండగ. అందుకే ముందు వంపు తీసి, తరవాత కొలుచుకోవాలి. తెలివైనవాళ్లు తీగ మధ్యలో ‘వి’ లాంటి మడత ఒకటి పెట్టుకుంటారట, నొక్కితే తీగ పొట్టవుతుంది, విడదీస్తే పొడుగవుతుంది. ఇదంతా మా అమ్మాయి చెప్పిన పాఠమే. నేర్పు అక్కర్లేదని ఎవరన్నారు?

బావగారు ఊరుకోక ఇంకో బాణం వేశారు. రేడియోతో బొమ్మ విమానాలు ఎగరేయడం మొదలుపెట్టినవాళ్లలో గుడ్ సోదరులని అమెరికా కవలలున్నారట. 1930ల చివర్లో ఎగరేశారు, ఆ విమానం ఇప్పుడు స్మిత్సోనియన్ మ్యూజియంలో ఉంది. “వాళ్లకి ఎవరు కొనిపెట్టారమ్మా? రేడియో కూడా స్వయంగా చేసుకున్నారు” అన్నారు. నిజమే. దొరక్క చేసుకున్నారు. దొరుకుతున్నది వద్దనడం, దానికి నేర్పు అని పేరు పెట్టడం వేరు సంగతి కాదుటండీ?

‘ఒక్క పనికి ఒక పనిముట్టా’ అని మగవాళ్లు ఆశ్చర్యపోతే మనం ఆశ్చర్యపోవాలి. మన వంటింట్లో ఏముంది మరి? జంతికల గొట్టం ఇంకెందుకు పనికొస్తుంది? కొబ్బరి కోరాం? గుంటపొంగనాల పెనం? అన్నింటికన్నా కజ్జికాయల చెక్క చూడండి. అప్పడం పెట్టి, పూర్ణం వేసి, ఒక్క నొక్కు. అంచు మూసుకుంటుంది, అర్ధచంద్రుడు బయటికొస్తాడు. ఆ ప్లేయర్ కూడా అచ్చం అంతే. చేత్తో మడిచినవి అందంగా ఉంటాయి, కాదనను, మా అత్తగారు మడిస్తే జడ అల్లినట్టుండేది. కాని సంక్రాంతికి రెండొందలు చెయ్యాల్సొచ్చి, ఒక్కటి నూనెలో విచ్చుకుందంటే మూకుడంతా పాడయ్యే సంగతి తెలిసినవాళ్లం. కంసాలి సంగతే చూడండి, తీగ సన్నం చేయడానికి కమ్మచ్చు అని కన్నాల పలక ఒకటి ఉంచుకుంటాడు. అదీ ఒక్క పనికే. దాన్ని చూసి కంసాలికి పని రాదనడానికి ఎవరికీ నోరు రాదే!

ఉన్నదాంతో సర్దుకోవడం గొప్పే. కాదనలేదు. కాని సర్దుకోమని చెప్పేవాళ్లెవరో, చెప్పించుకునేవాళ్లెవరో ఒకసారి లెక్క చూడండి. ఇంటికి చెడిపోయిన మిక్సీ ఎంతకాలం నడుస్తుందో, టీవీ రిమోటు ఎంతకాలం నడుస్తుందో చూస్తే చాలు.

ఇంతా రాస్తూ ఒకచోట నా కలం ఆగింది. మా ఇంట్లో కూరలు తరిగిపెట్టే ఆవిడ ఉంది. బెండకాయలు నలిపేస్తుందని, ఒకటి లావు ఒకటి సన్నం చేస్తుందని నాలుగేళ్లుగా సణుగుతున్నాను. “కత్తిపీట మొద్దుబారిందమ్మగారూ” అని ఆవిడ ఎన్నోసార్లు అంది. నేనేమన్నానో చెప్పమంటారా? అక్షరాలా మా బావగారన్నదే. మొన్న కూర్చుని నేనే తరిగాను. బెండకాయ తెగలేదు, నా వేలు తెగింది. ఆ మర్నాడే సాన పట్టించాను. ఆవిడ ఏమీ అనలేదు, ముక్కలన్నీ ఒకే తీరున తరిగిపెట్టి వెళ్లిపోయింది. ఆవిడ ఏదైనా అని ఉంటే బాగుండేది.

ప్లేయర్ కొన్నాను, నా చీటీ డబ్బులతో. పార్సిల్ వచ్చిన సాయంత్రం పిల్ల తీగ పెట్టి ఒక్క నొక్కు నొక్కింది, చక్కగా వచ్చింది. మావారు అటు తిప్పీ ఇటు తిప్పీ చూసి, “భలే ఉందే, బాల్కనీలో దండెం తీగ వదులైంది, దీంతో బిగిద్దామా?” అన్నారు. దండెం తీగ ఎంత లావో మీకు తెలుసుగా. లాక్కున్నాను. ప్రస్తుతం అది కజ్జికాయల చెక్క ఉన్న డబ్బాలో ఉంది. అక్కడ ఆయన చచ్చినా వెతకరు.