కీళ్లు లెక్కపెట్టని వైద్యం

బాల్కొండ పసుపు నిజామాబాద్ యార్డుకు చేరితే కొమ్ము వేరు, మండ వేరు. తేమ చూస్తారు, కర్క్యుమిన్ శాతం అడుగుతారు. ఆ కొమ్ములు విరిచిన చేతులకు కీళ్లవాతం వస్తే మాత్రం కొలత మాటే ఉండదు. “ఎట్లున్నది?” “జర నయమే సారూ.” అంతే, పాత గోలీలే మళ్లీ రాస్తారు. ఈ కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్, ఎంత రగులుతోందో చూసిన ప్రతిసారీ అంకెల్లో రాయాలి. అందుకు ల్యాబు రిపోర్టు కోసం కాచుకోనక్కర్లేదు కూడా.

పేషెంటు సంచిలో రిపోర్టులకు కొదవ ఉండదు. ఆర్‌ఏ ఫ్యాక్టర్ జబ్బును గుర్తించడానికి పనికొస్తుంది గానీ పోయిన నెలకూ ఈ నెలకూ తేడా చెప్పదు. దాన్ని మళ్లీ మళ్లీ చేయించడం డబ్బు దండగ. ఈఎస్‌ఆర్ అనే రక్తపరీక్ష కొంత చెబుతుంది, కానీ రక్తహీనత ఉన్నా, వయసు మళ్లినా అది పెరుగుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో సగానికి పైగా రక్తహీనత ఉన్నవాళ్లే. అలాంటిచోట ఒక్క ఈఎస్‌ఆర్‌ను నమ్ముకుని మందు పెంచడం, తగ్గించడం ఎలా కుదురుతుంది?

సీడీఏఐ అనే లెక్కకు డాక్టరు చేతులు చాలు. చూడవలసినవి 28 కీళ్లు: రెండు భుజాలు, రెండు మోచేతులు, రెండు మణికట్లు, రెండు మోకాళ్లు, మిగతా ఇరవై చేతివేళ్లవే. డాక్టరు తన బొటనవేలి గోరు తెల్లబడేంతగా నొక్కి, నొప్పి ఉన్నవెన్నో, వాచినవెన్నో విడివిడిగా రాస్తారు. జబ్బు ఎంతుందో సున్నా నుంచి పదిలోపు పేషెంటు ఒక అంకె, డాక్టరు ఒక అంకె వేస్తారు. నాలుగూ కూడితే స్కోరు. ఆరు నొప్పి, నాలుగు వాపు, పేషెంటు అయిదు, డాక్టరు నాలుగు అయితే 19. పది దాటితే జబ్బు మధ్యస్థం, 22 దాటితే తీవ్రం, 2.8కి మించకపోతే అణిగినట్టు. గ్లాస్గోలో 111 మందిపై జరిపి 2004లో ప్రచురించిన టికోరా అధ్యయనంలో ఒక జట్టుకు నెలనెలా ఇలాంటి స్కోరే చూసి, తగ్గకపోతే మందులు పెంచుతూ పోయారు. ఏడాదిన్నరకు వాళ్లలో 65 శాతం మందికి జబ్బు అణిగింది. మామూలు పద్ధతిలో 16 శాతానికే. ఖరీదైన కొత్త ఇంజెక్షన్లతో వచ్చిన ఫలితం కాదది. కొలవడంతోనే నయం కాలేదన్నదీ నిజమే, కానీ ఎప్పుడు పెంచాలో కొలతే చెప్పింది.

ఓపీ రద్దీలో ఇదంతా ఎవరు చేస్తారంటారు. కీళ్లు నొక్కి చూడడం నర్సుకు నేర్పవచ్చు, పట్టేది కొద్ది నిమిషాలే. పేషెంటు చెప్పే అంకెను ఎలా నమ్మాలన్న ప్రశ్న ఇంకా గట్టిది. మోకాళ్లు అరిగినా, చికున్‌గున్యా నొప్పులు మిగిలినా ఆ అంకె పెరుగుతుంది. అందుకే వాచిన కీళ్ల లెక్కను మొత్తంలో కలిపేసి మరిచిపోకుండా పక్కనే ఉంచాలి. స్టెరాయిడ్ సూది వేయించుకుంటే కొన్నాళ్లు స్కోరు తగ్గుతుంది, కాబట్టి ఆ తేదీ కూడా రాయాలి. ఈ 28లో పాదాల కీళ్లు లేవు. పొలంలో రోజంతా నిలబడేవాళ్ల విషయంలో అది చిన్న లోపం కాదు. వాటికి కింద ఒక వరస అదనంగా గీసుకోవాలి.

పసుపే మందు కదా అనేవాళ్లు మన దగ్గర ఎక్కువే. 2012లో వెలువడిన ఒక భారతీయ అధ్యయనం 45 మందిలో కర్క్యుమిన్ గుళికలను పరీక్షించింది. ఫలితాన్ని తేల్చింది కీళ్ల లెక్కతో కూడిన స్కోరుతోనే. అవి కూరలో వేసే పసుపు కావు, అంత చిన్న అధ్యయనాన్ని చూసి ఈ జబ్బుకు వాడే మెథోట్రెక్సేట్ మానేయడమూ కుదరదు. అయినా పసుపు వాడతామంటే వాడనీ, మందు మానకుండా. డాక్టరుకు చెప్పి వాడాలి, ముందొక స్కోరు, మూడు నెలలకొక స్కోరు చీటీ మీద ఉండాలి. ఆ చీటీ పేషెంటు దగ్గరే ఉంటే, రేపు నిజామాబాద్‌లో చూసినా హైదరాబాద్ నిమ్స్‌లో చూసినా వైద్యం మళ్లీ మొదటి నుంచి ఎత్తుకోనక్కర్లేదు.