గుర్రప్పిల్ల మొదటి పందెం



కొన్ని నెలల కిందట ఒక సాయంకాలం నేను నిజాంసాగర్ కట్ట మీద షికారు చేసి ఇంటికి వస్తూ ఉంటే నలుగురైదుగురు పిల్లలు పరుగెత్తుకుంటూ ఎదురొచ్చి, "సార్, సార్! సాయిబు తాత గుర్రం ఈనింది, చూద్దురుగాని రండి!" అంటూ నా చెయ్యి పట్టుకుని లాక్కుపోయారు.

సాయిబు తాతను మా వైపు ఎరగనివాళ్ళు లేరు. బాన్సువాడలోగాని, పిట్లంలోగాని బారాత్ అంటే ఆయన తెల్లగుర్రం రావలసిందే. పాకలోకి తొంగి చూద్దుము గదా, తెల్లని తల్లి పక్కన గోధుమరంగు పిల్ల నిలబడి ఉంది! పుట్టి మూడు గంటలయినా కాలేదట. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు చాపి, పడుతూ లేస్తూ తల్లి పాలు వెతుక్కుంటున్నది. గుర్రం పదకొండు నెలలు మోసి కంటుంది గనక పిల్ల పుట్టేనాటికే దాని కాళ్ళు దాదాపు పెద్ద గుర్రపు కాళ్ళంత పొడుగుంటాయి. అందుకే అది అంత తమాషాగా కనిపిస్తుంది.

"సార్, ఇది పెద్దదయితే మలక్‌పేట పందెంలో గెలుస్తుందా?" అని సాయిబు మనవడు నన్ను అడిగాడు. వాడికి ఎనిమిదేళ్ళు.

నేను నోరు తెరిచేలోపలే ఒక పెద్దపిల్లవాడు, "దానికి ఖాందాన్ ఎక్కడిదిరా? బారాత్ గుర్రం పిల్ల బారాత్ గుర్రమే అవుతుంది," అన్నాడు. అందరూ నవ్వారు. మనవడు మాత్రం నవ్వలేదు. తలవంచుకుని గడ్డిపరక తుంచుతూ కూర్చున్నాడు.

వాడి ప్రశ్నకు ఆ రోజు నేను సరి అయిన జవాబు చెప్పలేదు. ఈ నెల చెబుతాను.

పెద్దపిల్లవాడి మాటలో సగం నిజం ఉంది. హైదరాబాదులో గుర్రప్పందాలు 1868లో మౌలాలీ దగ్గర మొదలయినాయి. 1886లో ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ వాటిని మలక్‌పేటకు మార్పించాడు. మన నిజాంసాగరు కట్టించిన ఉస్మాన్ అలీఖాన్‌కు ఈయన తండ్రి. ఇప్పటికీ పందాలు ఆ మైదానంలోనే జరుగుతున్నాయి. అక్కడ పరుగెత్తే గుర్రాలు థరోబ్రెడ్ అనే ఒకే ఒక జాతివి. తల్లీ తండ్రీ ఇద్దరూ ఆ జాతివై, వాటి పేర్లు వంశావళి పుస్తకంలో ఎక్కి ఉంటే తప్ప పిల్లకు పందెంలో చోటు లేదు. మన దేశంలో ఆ పుస్తకం పుణెలో రాస్తారు. ఎవరో చెప్పిన మాట నమ్మి రాయరు. తల్లి రక్తమూ పిల్ల రక్తమూ పరీక్షించి, ఇది నిజంగా దాని పిల్లేనని తేల్చుకున్న తరవాతే రాస్తారు. కాబట్టి సాయిబు తాత గుర్రప్పిల్ల గాలి కంటె వేగంగా పరుగెత్తినా సరే, మలక్‌పేట గేటు దానికి తెరుచుకోదు.

ఈ పుస్తకాల ఆచారం ఇంగ్లండులో 1791లో ప్రారంభమయింది. నేటి పందెపు గుర్రాల తండ్రుల వరస పట్టుకుని వెనక్కు పోతే, ఏ గుర్రం తీసుకున్నా చివరకు మూడే మూడు మగగుర్రాల దగ్గర తేలుతాం. మూడూ మన తూర్పు వైపు నుంచి పోయినవే. వాటిలో ఒకదాన్ని డార్లీ అనే ఇంగ్లీషువాడు సిరియాలోని అలెప్పో నగరంలో కొని 1704లో తన ఊరికి పంపాడు. నేటి మగ పందెపు గుర్రాలలో నూటికి సుమారు 95 దాని వంశంలోవే! దాని మునిమనవడికి కొడుకు ఎక్లిప్స్. 1764 ఏప్రిల్ 1న సూర్యగ్రహణం పట్టిన రోజున పుట్టింది గనక దానికి గ్రహణం అనే అర్థం వచ్చే ఆ పేరు పెట్టారు. మన అవ్వలయితే గ్రహణం నాడు పుట్టిన పిల్లను చూసి ఏమనేవారో మీరే ఊహించండి. అయిదేళ్ళు వచ్చేదాకా దాన్ని పందేనికి దింపలేదు. 1769లో దింపారు. పద్దెనిమిది పందాలలో పరుగెత్తి ఒక్కటి కూడా ఓడకుండానే విశ్రాంతి తీసుకుంది.

గుర్రాలను ఎంచడంలో మనవాళ్ళూ తక్కువ తినలేదు. మనుమంచి భట్టు అనే కవి తెలుగులో "హయలక్షణవిలాసము" అని గుర్రాల మీద ఏకంగా ఒక గ్రంథమే రాశాడు. విజయనగరపు రోజులలో గుర్రాలు ఓర్ముజు నుంచి ఓడల మీద వచ్చేవి. సాళువ నరసింహరాయలు గుర్రాలు చచ్చినా బతికినా మూడింటికి వెయ్యి వరహాల లెక్కన కొనేవాడనీ, సముద్రంలో చచ్చినవాటికి తోక తెచ్చి చూపిస్తే చాలుననీ నూనిజ్ అనే పోర్చుగీసు వర్తకుడు రాశాడు. తోకకు వంశావళి ఎవరడుగుతారు!

మన రైతులు ఎడ్లను కొనేటప్పుడు సుడులు చూడటం మీరు అంగడిలో చూసే ఉంటారు. ఇది ఒట్టి మూఢనమ్మకమని నేను చాలాకాలం అనుకున్నాను. అయితే 1995లో అమెరికాలో టెంపుల్ గ్రాండిన్ అనే శాస్త్రజ్ఞురాలు, నొసటి సుడి కళ్ళకంటె పైన ఉన్న పశువులు బంధించినప్పుడు మిగతావాటికన్న ఎక్కువ బెదురుతాయని లెక్కలు కట్టి చూపింది. సుడి అదృష్టం తెస్తుందని మాత్రం ఆమె చెప్పలేదు.

ఇక అసలు సంగతికి వద్దాం. తండ్రి మేటి, తల్లి మేటి అయితే పిల్ల కూడా మేటి కావాలి గదా? ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా అంటారు. కాని పిల్లకు వచ్చేది తల్లిలో సగమూ, తండ్రిలో సగమూ. ఏ సగం వస్తుందో ఎవరి చేతిలోనూ లేదు. రెండు పేకదస్తాలు కలిపి, కళ్ళు మూసుకుని సగం ముక్కలు తీసినట్టు ఉంటుంది. అందువల్లనే ఒకే తల్లికీ ఒకే తండ్రికీ పుట్టిన అన్నదమ్ములలో ఒకటి వాయువేగంతో పోతే, రెండోది బండికి కట్టినా కదలదు.

ఒక ముక్క గురించి మాత్రం ఈమధ్య బాగా తెలిసింది. కండరాలు మితిమీరి పెరగకుండా ఆపే జన్యువు ఒకటి ఉంది. దాని పేరు మయోస్టాటిన్. అది గుర్రాలలో రెండు రకాలుగా ఉంటుందనీ, ఒక రకం రెండు వైపుల నుంచీ వస్తే పిల్ల కురచ పందాలలోనూ, రెండో రకం రెండు వైపుల నుంచీ వస్తే దూరపు పందాలలోనూ రాణిస్తుందనీ, ఒక్కొక్కటి వస్తే మధ్యరకం దూరాలకు పనికివస్తుందనీ డబ్లిన్ నగరంలో ఎమ్మెలిన్ హిల్ అనే ఆమె, ఆమె తోటివారు 2010లో ప్రకటించారు. అంటే వెయ్యి మీటర్ల పరుగా, రెండువేల నాలుగువందల మీటర్ల పరుగా అన్నది చెప్పవచ్చు. గెలుస్తుందా అన్నది చెప్పలేం. 2008లో ఎడింబరో విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు వేలకొద్దీ గుర్రాల సంపాదన లెక్కలు తిరగవేసి, ఒక గుర్రానికీ మరొక గుర్రానికీ సంపాదనలో ఉండే తేడాలో పదోవంతు మాత్రమే పుట్టుకతో వచ్చినదని తేల్చారు. మిగతాదంతా మేత, శిక్షణ, సవారీ, ఏ పందెంలో దింపుతున్నారన్న తెలివి, ఇలాంటివి.

కాని డబ్బున్నవాళ్ళు ఆ పదోవంతుకే ఎగబడతారు. 2006లో అమెరికాలో గ్రీన్ మంకీ అనే రెండేళ్ళ గుర్రాన్ని ఒక కోటీ అరవై లక్షల డాలర్లకు పాడుకున్నారు. దాని పూర్వులలో మహామహులున్నారు. అమ్మకానికి ముందు పెట్టిన పరీక్షలో సుమారు రెండువందల మీటర్ల దూరాన్ని పది సెకన్లకు లోపే దాటింది. ఇంకేం కావాలి? అది మొత్తం మూడు పందాలలో పరుగెత్తింది. ఒక్కటీ గెలవలేదు. సంపాదించింది పదివేల చిల్లర డాలర్లు.

మొదటి పందెం అంటే ఏమిటో మీరు గుర్రప్పిల్ల వైపు నుంచి ఆలోచించండి. అంతవరకు దాని లోకమంతా లాయమూ, సయీసూ, తెల్లవారుజాము పరుగూను. ఆ రోజున హఠాత్తుగా వేలమంది జనం, కేకలు. ఇరుకైన ఇనప గేటులో నిలబెడతారు. ఠప్పున గేటు తెరుచుకుంటుంది. ముందు పోయే గుర్రాల గిట్టలు ఎగజిమ్మిన మట్టి మొహాన పడుతుంది. బెదరక ఏం చేస్తుంది? సెక్రటేరియట్ అనే గుర్రం 1972 జూలై 4న మొదటిసారి పరుగెత్తినప్పుడు గేటు దాటీ దాటకముందే పక్క గుర్రం వచ్చి గుద్దుకుంది. అది తెప్పరిల్లుకుని పరుగెత్తి నాలుగోది కాగలిగింది. మరుసటి సంవత్సరం అదే గుర్రం అమెరికాలోని మూడు గొప్ప పందాలూ గెలుచుకుంది. చివరిదానిలో రెండో గుర్రానికీ దానికీ మధ్య ముప్ఫయి ఒక్క గుర్రాలు వరసగా నిలబడేంత దూరం ఉంది!

సీబిస్కట్ కథ ఇంకా వింతైనది. అది మాన్ ఓ వార్ అనే మహాయోధుడికి మనవడే, అయినా మొదటి పదిహేడు పందాలూ ఓడిపోయింది. 1938 నవంబరు 1న దాన్ని వార్ అడ్మిరల్ అనే గుర్రంతో జోడీగా పరుగెత్తించారు. వార్ అడ్మిరల్ అదే మాన్ ఓ వార్‌కు కొడుకు. అంటే సీబిస్కట్‌కు వరసకు చిన్నాన్న. తమాషా ఏమిటంటే చిన్నాన్న కంటె అబ్బాయే ఒక ఏడాది పెద్ద! చిన్నాన్న మీద అబ్బాయి నాలుగు గుర్రాల దూరంతో గెలిచాడు.

మరొక చిక్కు ఉంది. పందెపు గుర్రం ఏ నెలలో పుట్టినా సరే, జనవరి 1న దానికి ఒక ఏడు నిండినట్టు రాస్తారు. జనవరిలో పుట్టిన పిల్లా, మే నెలలో పుట్టిన పిల్లా రెండూ ఒకేసారి "రెండేళ్ళవి" అయిపోతాయి. నిజానికి వాటికి నాలుగు నెలల ఎడం. గుర్రం మోకాలి పైఎముక చివర పెరిగే భాగం పూర్తిగా గట్టిపడటానికి రెండేళ్ళు దాటుతుంది గనక ఆ వయస్సులో నాలుగు నెలలు చిన్న విషయం కాదు. మంచి శిక్షకులు పుట్టిన తేదీ చూసి, ఆలస్యంగా పుట్టినదాన్ని ఆలస్యంగానే దింపుతారు.

ఇది చదివినప్పుడు నాకు మా బడి జ్ఞాపకం వచ్చింది. ఒకటో తరగతిలో ఒకే బల్ల మీద కూర్చున్న ఇద్దరికి పదకొండు నెలల తేడా ఉండవచ్చు. ఆ ఈడులో అది బతికిన కాలంలో ఆరోవంతు! పెద్దవాణ్ణి తెలివైనవాడనీ, చిన్నవాణ్ణి మందుడనీ మేము ఎన్నిసార్లు అని ఉంటామో.

తల్లిదండ్రులు కూడా ఈ పేజీ చదువుతారు గనక మరొకటి కూడా చెప్పేస్తాను. నేను హెడ్మాస్టరుగా ఉన్న రోజులలో ఆరో తరగతిలో ఒక పిల్లవాడు చేరాడు. వాడి అన్నలిద్దరూ అంతకుముందే చదువు మాని కూలికి పోయారు. రిజిస్టరులో వాడి ఇంటిపేరు చూసి, తరగతి అంతా వింటూ ఉండగా, "నువ్వూ మీ అన్నల మాదిరేనా?" అన్నాను. హాస్యానికే అన్నాను. ఆ తరవాత వాడు తరగతిలో చెయ్యి ఎత్తడం నేను చూడలేదు. లెక్కల పంతులుగారు ఒకసారి వాడి నోటుపుస్తకం నాకు చూపించి, తాను చెప్పని పద్ధతిలో వాడు లెక్క చేశాడని ఆశ్చర్యపోయారు. అప్పటికే ఆలస్యమయింది. ఎనిమిదో తరగతి మధ్యలో వాడు బడి మానేశాడు. నేను చెప్పిన జోస్యం ఫలించింది. దాన్ని ఫలింపజేయడంలో నా చెయ్యి ఎంత ఉందో నాకు తెలుసు.

సాయిబు మనవడి మొహం చూసినప్పుడు నాకు ఆ పిల్లవాడే కనిపించాడు. అందుకే వెంటనే జవాబు రాలేదు.

నిన్న మళ్ళీ పాకకు వెళ్ళాను. మనవడితో, మలక్‌పేటలో దీన్ని పరుగెత్తనివ్వరని ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఎందుకనివ్వరో కూడా చెప్పాను. వాడు అంతా విని, "మరి ఎంత వేగంగా పోతుందో మనం కొలవవచ్చు గదా సార్?" అన్నాడు. కొలవవచ్చు. కట్ట కింద చదునైన చోట రెండువందల మీటర్లు తాడుతో కొలిచి గుర్తు పెడదామనీ, గడియారం నేను తెస్తాననీ ఒప్పుకున్నాను. పిల్లకు మూడేళ్ళు నిండేదాకా వీపు మీద ఎవరూ ఎక్కకూడదని సాయిబు తాత షరతు పెట్టాడు. మంచి షరతే.

తల్లి తెల్లగా ఉంటే పిల్ల గోధుమరంగు ఎందుకయిందని కూడా వాడు అడిగాడు. ఇలాంటి తెల్లగుర్రాలు చాలావరకు పుట్టుకతో తెల్లనివి కావు. నల్లగానో గోధుమరంగుగానో పుట్టి, ఏళ్ళు గడిచినకొద్దీ మన జుట్టు నెరిసినట్టు నెరుస్తాయి. నెరిపించే ఆ జన్యువు తల్లి నుంచి ఈ పిల్లకు వచ్చిందో లేదో పుట్టిన రోజున చెప్పలేం. వస్తే మొట్టమొదట కళ్ళ చుట్టూ తెల్లవెంట్రుకలు కనిపిస్తాయి.

"చూడండి సార్," అని వాడు పిల్ల తలను రెండు చేతులతో మెల్లగా నా వైపు తిప్పాడు. నేను కళ్ళజోడు సర్దుకుని వంగి చూశాను. ఎడమకంటి కింద మూడు, కుడికంటి పైన ఒకటి.